ఆ ట్రాన్స్‌పోర్టర్ నేనైతే ఎక్కను
రాత్రి స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్లో రైకర్ అనే ఆఫీసర్ ఇద్దరైపోయే ఎపిసోడ్, 1993లో వచ్చింది, మళ్లీ పెట్టుకుని చూశా, ఇంక నిద్రపడితే ఒట్టు. ట్రాన్స్‌పోర్టర్ అంటే మనిషిని కిరణంగా మార్చి ఇంకోచోట దించే మెషీన్, దాంతో అతన్ని గ్రహం మీంచి షిప్‌లోకి బీమ్ చేస్తుంటే వాతావరణం అడ్డొచ్చింది, సాయంగా రెండో కిరణం వేస్తే అది వెనక్కి కిందికే తిరిగొచ్చింది, ఒకడు షిప్‌లో తేలాడు, ఇంకోడు అక్కడే ఎనిమిదేళ్లు ఒంటరిగా పడున్నాడు, వీడికేమో ప్రమోషన్లు, వాడికేమో పాడుబడ్డ స్టేషన్. పోనీ ఒకడు నకిలీనా అంటే కాదు, ఇద్దరూ అసలే, అదే కదా బుర్ర తినేసేది! మరి రోజూ బీమ్ అయ్యేవాళ్ల సంగతేంటి, అవతల దిగేది వాళ్లేనా? పాత స్టార్ ట్రెక్‌లో షిప్ డాక్టర్ మెక్‌కాయ్‌కి ఆ మెషీన్ అంటే ఊరికే పడలేదనుకున్నారా.

తమాషా ఏంటంటే 1960ల్లో ఈ ట్రాన్స్‌పోర్టర్ ఐడియా పుట్టిందే డబ్బుల్లేక, వారం వారం షిప్ గ్రహం మీద దిగినట్టు చూపించే బడ్జెట్ లేదు, సరే మనుషుల్నే మెరుపుల్లో మాయం చేసేద్దాం అనుకున్నారు, ఆ మెరుపులు కూడా లైట్ వేసి తీసిన అల్యూమినియం పొడేనంట. మా తమ్ముడికి ఇదంతా చెప్తే, సంక్రాంతికి ట్రైన్ టికెట్లు దొరక్క చస్తుంటే నీ గోలేంట్రా, ఇద్దరం అయితే ఒకణ్ని ఆఫీసుకి పంపొచ్చు అంటాడు వెధవ.