ముప్పై ఆరు కట్టలు

నరసాపురం, ఆషాఢం చివరి వారం, మంగళవారం

తెల్లవారుజాము నుంచి ముసురు పట్టి ఉంది. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్‌లో నా ఆన్‌లైన్ అమ్మకాల పేజీ తెరిచాను. హైదరాబాద్ శివార్లలోని గోడౌన్‌లో తెల్ల లేసు టేబుల్ రన్నర్లు, అంటే బల్ల మీద పొడుగునా పరిచే పట్టీలు, 61 మిగిలి ఉన్నాయి. శనివారం అక్కడ దిగిన పెట్టెల్లోని 72 ఇంకా లెక్కలోకి ఎక్కలేదు. రెండూ కలిపితే 133. మిగిలిన సరుకు ఎంతకు దిగితే కొత్తది అల్లకానికి ఇవ్వాలో ఆ గీత 132 అని నా నోటుపుస్తకంలో రాసుకున్నాను కనుక ఇంకొక రోజు ఆగవచ్చని ముందు అనుకున్నాను. కానీ ఆ ఒక్క అంకె తేడా మీద నమ్మకం కుదరక, 132 ఎలా వచ్చిందో మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నాను.

కొన్నవారి ఇంటికి పార్సిల్ నేను పంపను. సరుకును ముందుగానే గోడౌన్‌కు చేరవేస్తాను. ఆర్డరు వచ్చినప్పుడు తీసి, కట్టి, పంపించే పనంతా అక్కడివారిదే. ఇందులో నాకున్న సుఖం ఎంతో, భయమూ అంతే. అక్కడ సరుకు అయిపోయిందంటే అమ్మకం ఆ రోజుకే ఆగిపోదు. వెతికేవారి కంటికి మన వస్తువు వెనకబడిపోతుంది, మళ్ళీ ముందుకు రావడానికి వారాలు పడుతుంది.

గడిచిన 30 రోజుల్లో 84 రన్నర్లు అమ్ముడయ్యాయి. రోజుకు 2.8 చొప్పున, సరుకు అల్లకం మొదలై గోడౌన్ లెక్కలోకి ఎక్కడానికి పట్టే 33 రోజులకు సుమారు 92, దాని మీద చేతిలో ఉండవలసిన 40 కలిపి 132 అని వేసుకున్నాను. లెక్క తప్పు కాదు, తీసుకున్న రోజులు తప్పు. ఆ 30 రోజుల్లో తొమ్మిది రోజులు గోడౌన్‌లో అసలు సరుకే లేదు. పెట్టెలు గేటు దాటి లోపలికి వెళ్ళినా, విప్పి లెక్కపెట్టే వంతు రాక అలాగే ఉండిపోయాయి. సరుకు లేని రోజున అమ్మకం సున్నా కావడం కొనేవారు లేక కాదు. ఆ తొమ్మిదీ తీసేస్తే 21 రోజుల్లో 84, అంటే రోజుకు నాలుగు. 33 రోజులకు 132 మామూలు అమ్మకానికే చెల్లిపోతుంది. రోజుకు ఐదు అమ్ముడై, దారిలో 40 రోజులు పట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి; ఆ రెండూ ఒకేసారి వస్తే 200 కావాలి. కనుక నా గీత 200 దగ్గర ఉండవలసింది. 133తో నిశ్చింతగా కూర్చున్నాను.

ఆ 33 రోజులనైనా నమ్మవచ్చా అని ఆలోచిస్తే, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక రన్నర్‌కు దారంతో అల్లిన 48 లేసు పువ్వులు కావాలి. చేతిపని చేసే ఆడవాళ్ళు ఇంటిపని చక్కబెట్టుకుని, మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని, తలా డజను పువ్వులు అల్లుతారు. పదహారు మంది ఉంటే రోజుకు 192 పువ్వులు, సరిగ్గా నాలుగు రన్నర్లకు సరిపడా. 72 రన్నర్లకు పద్దెనిమిది రోజులు. తరువాత పువ్వులను ఒకదానికొకటి కలిపే అతుకుపనికి నాలుగు రోజులు, ఉతికి గంజి పెట్టి సాగదీసి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టడానికి మూడు, కవర్లలో పెట్టి బార్‌కోడ్ అంటించడానికి రెండు, లారీకి మూడు, గోడౌన్‌లో లెక్కలోకి ఎక్కడానికి మూడు. ఇప్పుడు సార్వా, అంటే వానకాలపు వరి, నాట్లు ముమ్మరంగా సాగుతున్నాయి. పదహారు మందిలో ఎనిమిది మంది తెల్లవారకముందే నారు మళ్ళకు వెళ్ళిపోతున్నారు. నాట్ల కూలి లేసు మీద వచ్చేదానికన్నా ఎక్కువ, పైగా ఏడాదిలో ఉన్న కొద్ది రోజులే దొరుకుతుంది. వెళ్ళవద్దని చెప్పడానికి నాకు నోరు రాదు, రాకూడదు కూడా. సగం మందితో పద్దెనిమిది రోజుల పని ముప్పై ఆరు రోజులవుతుంది. మొత్తం 33 కాదు, 51.

ఇదే పరిస్థితి నిరుడు వచ్చినప్పుడు అందరికీ ఫోన్లు చేసి తొందరపెట్టాను. మళ్ళలో రోజంతా వంగి నాటి వచ్చినవాళ్ళు రాత్రి దీపం కింద కళ్ళు పొడుచుకుని అల్లారు. ఆ పువ్వుల్లో రేకుకు రేకుకు బిగువు తేడా వచ్చి, అతికిన తరువాత అంచులు మెలితిరిగాయి. సరుకూ బాగా రాలేదు, వాళ్ళ కష్టానికి అర్థమూ లేకపోయింది. ఆ పని ఇంకెప్పుడూ చేయకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

అందుకే వేసవిలో, పనులు తక్కువగా ఉన్న వైశాఖంలో, ఆర్డరు లేకపోయినా పువ్వులు అల్లించి ఇనప్పెట్టెలో దాచాను. ఈ రోజు ఆ పెట్టె తెరిచాను. వేపాకుల మధ్య, పాత పంచెలో చుట్టిన కట్టలు. ఒక్కొక్క కట్టలో 48 పువ్వులు, మధ్య సున్నాలోంచి మిగులు దారం దూర్చి ముడివేసి ఉన్నాయి. ఒక పువ్వు అరచేతిలో పెట్టుకుని చూస్తే ఎనిమిది రేకులూ ఒకే ఎత్తున లేచి, కొస దారం కనబడకుండా లోపలికి దాచి ఉంది. పక్కింటి పిన్ని పని అది. ఆవిడ ముడి నేను గుర్తుపడతాను. రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్పై ఆరు కట్టలు. ముప్పై ఆరు రన్నర్లు.

అదనపు సరుకు ఎక్కడ ఉంచుకోవాలన్న విషయంలో నా అభిప్రాయం ఈ పెట్టె దగ్గరే ఏర్పడింది. గోడౌన్‌లో ఉంచితే ఆక్రమించిన చోటుకు నెలనెలా అద్దె, ఎక్కువ కాలం కదలకపోతే దాని మీద మరో రుసుము. తెలంగాణ గోడౌన్ వాడుకుంటున్నందుకు అక్కడా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. చట్టం దృష్టిలో ఇక్కడి నేనూ అక్కడి నేనూ వేర్వేరు కనుక, ఒక్క రన్నరూ అమ్ముడుపోకముందే, సరుకు రాష్ట్రం దాటేటప్పుడే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరుకు మీద పడే జీఎస్టీ) వేసి బిల్లు రాయాలి. అది క్రెడిట్‌గా అక్కడి ఖాతాలోకి చేరినా, సరుకు అమ్ముడయ్యేదాకా డబ్బు అందులో ఇరుక్కునే ఉంటుంది. పువ్వుగా ఇంట్లో ఉంటే ఈ బాధలు లేవు. పైగా అతికిన రన్నర్ రన్నర్‌గానే ఉంటుంది, పువ్వు మాత్రం రన్నర్ కావచ్చు, దిండు గలీబు కావచ్చు, తలుపు తెర కావచ్చు. ఏది కదులుతోందో చూసి అప్పుడు అతికించుకోవచ్చు. పని చేతిపని, అతుకుపని అని రెండుగా విడిపోయి ఉండడం ఈ ఊళ్ళో తరాలుగా ఉన్నదే. నేను దాన్ని అమ్మకం లెక్కకు వాడుకుంటున్నాను, అంతే.

ఇక ఈసారి లెక్క. ఉన్న 133 రన్నర్లు, రోజుకు నాలుగు చొప్పున, 33 రోజులు వస్తాయి. ఈ కట్టలు అతికితే పదిహేనో రోజుకు 36 చేరి, 42 రోజులవుతాయి. కొత్త 72 పూర్తయ్యేదాకా ఆగితే అవి 51వ రోజుకు చేరతాయి, మధ్యలో తొమ్మిది రోజులు ఖాళీ. అలా కాకుండా సగం కాగానే 36 పంపేస్తే అవి 33వ రోజుకే చేరి, 51వ రోజు దాకా నెట్టుకొస్తాయి. రెండుసార్లు పంపితే పెట్టెకు లారీ కిరాయి కొంత పెరుగుతుంది, దాన్ని భరిస్తాను. రన్నర్ 850 రూపాయల చొప్పున 72కి 61,200 అవుతుంది కనుక 50,000 దాటి, సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లు తప్పనిసరి, 36 అయితే ఆ అవసరం కూడా ఉండదు. అయినా ఇందులో ఒక్క రోజు కూడా మిగులు లేదు. అందుకని ఈ నెల పెట్టాలనుకున్న తగ్గింపు కూపన్ ఆపేశాను. సరుకు లేనప్పుడు అమ్మకాన్ని నెమ్మదింపజేయడం కూడా సరుకు చూసుకోవడంలో భాగమే.

మధ్యాహ్నం సఖినేటిపల్లి అక్కకు ఫోన్ చేశాను. గోదావరి అవతల కొబ్బరి తోటల మధ్య ఆవిడ చేతికింద ఆరుగురు అల్లుతారు, నాట్ల తాకిడి తక్కువ. "దారం పంపండమ్మా, కూర్చోబెడతాను. కానీ పంటు కట్టేశారు" అన్నారు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారట. పది లక్షల క్యూసెక్కులు దిగువకు వస్తుంటే వశిష్ఠ గోదావరి పాయ మీద మనుషుల్ని, బళ్ళని దాటించే పంటు నడవదు. రేవు దాటితే పావుగంట దూరంలో ఉండే మనిషికి దారం చేర్చాలంటే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన చుట్టి వెళ్ళాలి. బస్సు కండక్టరుకు అప్పగించే సరుకు కాదని, తమ్ముడిని బండి మీద పంపించాను. దారం ఉండలను రెండు వరసల ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, పైన గోనెపట్టా కట్టి ఇచ్చాను.

సాయంత్రం మీగడరంగు రన్నర్లు పద్దెనిమిదింటికి బార్‌కోడ్‌లు అంటించాను. ఈ తేమలో చీటీ కవర్ మీద లేచిపోతుంది. ముందు పొడిగుడ్డతో తుడిచి, మడత మీదకు రాకుండా, బొటనవేలితో మధ్య నుంచి అంచుకు రుద్దాలి. ఒకసారి మీగడరంగు వాటికి తెల్లవాటి చీటీలు పడి, పద్నాలుగు మంది రంగు తేడా అని వెనక్కి పంపారు. అప్పటి నుంచి ఒక రోజు ఒకే రంగు ముట్టుకుంటాను.

నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత ఊరి పేరు చూసి అడిగేవారు ఎక్కువయ్యారు. అడిగిన రోజున గోడౌన్‌లో సరుకు ఉండడం ఆ పేరుకు నేను చేయగలిగిన మర్యాద అనిపిస్తుంది.

రాత్రి తొమ్మిదిన్నరకు తమ్ముడు తడిసి ఇల్లు చేరాడు. దారం తడవలేదట. అక్క అప్పుడే ఉండలు ఆరుగురికీ పంచేశారట. నోటుపుస్తకంలో 132 కొట్టేసి 200 రాశాను. దాని పక్కన "నాట్ల రోజుల్లో 51" అని ఎర్ర సిరాతో రాశాను. రేపు ఉదయం వాన తెరిపిస్తే ముప్పై ఆరు కట్టలూ రుస్తుంబాదలో అతుకుపని చేసే పెద్దమ్మ ఇంటికి తీసుకువెళ్ళాలి.