57.15 బోరు కొట్టిన కథ

బాలానగర్‌లో మాది చిన్న జాబ్ వర్క్ షెడ్డు. రెండు లేత్‌లు, ఒక టర్రెట్ మిల్లింగ్ మెషీను, అంతే. ఆ మిల్లింగ్ మెషీన్‌కి డీఆర్‌ఓ (టేబుల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపించే డిస్‌ప్లే) పెట్టించారు గానీ, అది పాడై రెండేళ్లయింది.

మొన్న ఎండాకాలంలో ఒకాయన ముక్కలైన అల్యూమినియం గేర్‌బాక్స్ కవరు గోనెసంచిలో వేసుకుని వచ్చాడు. ఏదో పాత ప్యాకింగ్ మెషీన్‌ది, బయటి దేశం సరుకు. "ఇలాంటిది ఇంకొకటి కావాలి, ఒక్కటే" అన్నాడు. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్ల) వాళ్లు ఒక్క పీసు అనేసరికి మొహం తిప్పేసుకున్నారట. మా ఓనరు మాత్రం ఒప్పేసుకున్నాడు. ఒప్పుకునేది ఆయన, చేసేది నేను.

బేరింగులు చూస్తే రెండూ ఇంచి సైజులు. పెద్దది ఆర్‌ఎల్‌ఎస్ 8, బయటి వ్యాసం రెండుంబావు ఇంచిలు, అంటే 57.15 మి.మీ. చిన్నది ఆర్‌ఎల్‌ఎస్ 6, 47.625. గేర్లు 10 డీపీ, అంటే ఇంచి వ్యాసానికి పది పళ్లు. పళ్లు లెక్కపెడితే 20, 40. రెండూ కలిపి 60, దాన్ని 20తో భాగిస్తే సెంటర్ దూరం 3 ఇంచిలు, 76.2 మి.మీ. బేరింగ్ కూర్చునే గుండ్రటి రంధ్రమే బోరు. 57.15కి మా దగ్గర డ్రిల్లూ లేదు, రీమరూ లేదు. స్పిండిల్‌కి తగిలించి, టూల్‌ని కొంచెం కొంచెంగా బయటికి జరుపుతూ రంధ్రం పెద్దది చేసే బోరింగ్ హెడ్ ఒక్కటే దారి. హెచ్7 అనే కొలతల హద్దు ప్రకారం 57.18 దాకా పోవచ్చు. కానీ వేడెక్కితే అల్యూమినియం బేరింగ్ స్టీలు కన్నా ఎక్కువ పెరుగుతుంది, పట్టు వదులవుతుంది. అందుకే 57.15, 57.16 మధ్యలోనే ఆపాలని అనుకున్నాను.

హెచ్‌ఈ30 అనే రకం అల్యూమినియం ప్లేటు, 20 మి.మీ. మందం. ముందు మెషీన్ హెడ్డు నిటారుగా ఉందో లేదో చూసుకున్నాను. స్పిండిల్‌కి లివర్ డయల్ (చిన్న తేడాని కూడా ముల్లుతో చూపించే గేజ్) కట్టి టేబుల్ మీద చుట్టూ తిప్పితే ముందుకీ వెనక్కీ నాలుగు గీతలు తేడా. దాన్ని అలాగే వదిలేసి క్విల్‌తో, అంటే స్పిండిల్‌నే కిందికి దించితే బోరు గుండ్రంగానే వస్తుంది, కానీ ఓరగా పోతుంది. టేబుల్ ఎత్తి కోస్తే నిటారుగా వస్తుంది, కానీ కోడిగుడ్డవుతుంది. ఏది వచ్చినా బేరింగ్ ఒప్పుకోదు. బోల్టులు వదులు చేసి, తట్టి, బిగించి, మళ్లీ చూసి... బిగిస్తుంటే మళ్లీ జరుగుతుంది. ఆ పనికే గంట పట్టింది.

32 డ్రిల్లు దాకా పోయి, అక్కడి నుంచి బోరింగ్ హెడ్‌తో వ్యాసం మీద ఒక్కో మి.మీ. చొప్పున లాగించేశాను. మధ్యలో ఆగలేదు. చివర్లో బోర్ గేజ్ పెడితే 57.16. ఎంత సంబరమో! ప్లేటు విప్పేసి ఇంటికి పోయాను.

పొద్దున్నే బేరింగ్ పెడితే మూతి దగ్గరే ఆగిపోయింది. కొలిస్తే 57.14. పక్క లేత్ మీద పనిచేసే పెద్దాయన నవ్వాడు. "ఉడుకు మీద కొలిస్తే గంతే తమ్మీ. చల్లారనియ్యద్దా?" అన్నాడు. తర్వాత కాగితం మీద లెక్క వేశాను. 57 మి.మీ. అల్యూమినియం 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.02 పెరుగుతుంది. నాకు తక్కువ పడింది సరిగ్గా అంతే.

సరే, ఆ 0.02 తీస్తే అయిపోతుంది కదా అనుకున్నాను. లివర్ డయల్‌తో మళ్లీ సెంటర్ పట్టి, బోరింగ్ హెడ్ ఒక గీత తిప్పాను. గీతకి టూల్ 0.01 జరుగుతుంది, వ్యాసం మీద 0.02. దించితే చిప్పు రాలేదు, ఉత్త మెరుపు. కొలిస్తే అదే 57.14. ఇంకో రెండు గీతలు తిప్పాను. ఈసారి గబుక్కున కోసింది. 57.21! అంత పల్చటి కోతకి టూల్ అంచు లోహాన్ని కోయదు, రుద్దుకుంటూ పోతుంది. పట్టు దొరికిందంటే దాచుకున్నదంతా ఒకేసారి తీసేస్తుంది. ఓనరు "లాక్‌టైట్ (బేరింగ్‌ని పట్టి ఉంచే జిగురు) వేసి కూర్చోబెడదామా?" అన్నాడు. నాకు మనసొప్పలేదు. రెండో ప్లేటు ఎక్కించాను.

ఈసారి 56.5 దగ్గర ఆపి భోజనానికి పోయాను. వచ్చేసరికి ప్లేటు చేతికి చల్లగా తగిలింది. కొలిస్తే 56.53. ఇక మిగిలింది మూడు సమానమైన కోతలు. ముందు లావు కోత కోసినప్పుడు బార్ ఎక్కువ వంగి ఉంటుంది, తర్వాతి కోత సన్నదైతే తక్కువ వంగుతుంది, కాబట్టి అడిగిన దానికన్నా ఎక్కువ తీస్తుంది. మొదటిసారి 0.20 అడిగితే 0.22 తీసింది: 56.75. రెండోసారి అంతే అడిగాను, సరిగ్గా 0.20 తీసింది: 56.95. అప్పుడు నమ్మకం కుదిరింది. చివరి కోతకి గీతల్ని నమ్మకుండా డయల్ ముల్లు బార్‌కి ఆనించి జరిపాను. లాక్ స్క్రూ బిగించగానే ముల్లు రెండు మైక్రాన్లు కదిలింది. అదీ లెక్కలో వేసుకుని 0.205 పెట్టాను. స్పీడు 350, ఫీడు 0.04, కుంచెతో డీజిలు. కిరోసిన్ అయితే ఇంకా బాగుండేది గానీ ఇప్పుడు దొరకడం కష్టం. ప్రతి కోతకీ పది నిమిషాలు ఆగి కొలిచాను. 57.156.

రెండో బోరుకి 76.2 జరపాలి. హ్యాండిల్ డయల్ గీత 0.05, దాంతో కుదరదు. 70, 5, 1.2 స్లిప్ గేజులు (కచ్చితమైన కొలతకి చేసిన స్టీలు దిమ్మలు) పేర్చి, స్టాపరుకీ డయల్‌కీ మధ్య పెట్టి సున్నా చేశాను. అవి తీసేసి, టేబుల్‌ని మళ్లీ సున్నా వచ్చేదాకా ఒకే వైపు నుంచి తెచ్చి లాక్ చేశాను. చిన్న బోరు కూడా మూడు కోతల్లోనే 47.63కి వచ్చింది.

సెంటర్ దూరం సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే రెండు బోర్ల మధ్య మిగిలిన గోడ కొలవాలి. దానికి మైక్రోమీటర్ నేరుగా పెడితే పనికిరాదు. లోపలికి వంపు ఉంటుంది కదా, చదునైన మూతి అంచుల మీదే ఆగిపోతుంది. పాత బేరింగ్‌లోంచి తీసిన 6 మి.మీ. నీడిల్ రోలర్లు చెరో పక్కా నిలబెట్టి వాటి మీద కొలిచాను. గోడ, రెండు రోలర్లు కలిపి 35.807 రావాలి. 35.80 గీత దాటి కాస్త పైన ఆగింది.

బేరింగ్‌ని అరచేత్తో నొక్కితే, ఎక్కడా తట్టకుండా, నెమ్మదిగా దిగింది. పెద్దాయన వచ్చి వేలు పెట్టి తిప్పి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

57.21 ప్లేటు తుక్కులో వేయలేదు. మిల్లింగ్ మెషీన్ పక్కన పెట్టుకున్నాను. మా టీ గ్లాసు ఆ బోరులో బాగా కూర్చుంటుంది.