అత్తగారి ఫొటోకి వెయ్యి రూపాయలు

వెయ్యి రూపాయలు ఈ రోజుల్లో ఒక లెక్కా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మధ్యాహ్నం పక్కింటి వదిన సరిగ్గా అదే మాట అంది. ఎదురుగా నవ్వి ఊరుకున్నాను కానీ అప్పట్నుంచీ కడుపులో తిప్పుతూనే ఉంది. ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకు నిద్ర రావట్లేదు, కాబట్టి మీకు తప్పదు.

సంగతేమిటంటే అతివేగానికి పడిన వెయ్యి రూపాయల చలానా. ఛత్రపురం పెళ్ళికి వెళ్ళొచ్చిన రోజుది.  తిరిగి బరంపురం వస్తుంటే హైవే మీద వంతెన దిగేచోట కెమెరా పట్టేసిందట. బోర్డు 80, మన బండి 91. మెసేజ్‌లో ఉన్న లింకు నొక్కితే ఫొటో తెరుచుకుంది. అందులో బండి నంబరు స్పష్టంగా ఉంది, ముందు సీట్లో అత్తగారు ఇంకా స్పష్టంగా ఉన్నారు. మోకాళ్ళ నొప్పి కాబట్టి ముందు సీటు ఎప్పుడూ ఆవిడదే. "ఏట్రా ఇది, నన్నడక్కుండా నా ఫొటో ఎవులు తీసేరు?" అని కాసేపు కోప్పడి, తర్వాత ఫోను లాక్కుని రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని చూసుకున్నారు. చీర బాగానే పడిందట.

మా ఆయన మాత్రం భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు. ఇది భద్రత కాదు, వసూలు, పగటి వసూలు అని ఒకటే పాట. ఆయన లెక్క ఏమిటంటే, కెమెరా పెట్టింది వంతెన దిగే వాలులో, అక్కడ కాలు తీసేసినా బండి దానంతటదే వేగం అందుకుంటుంది, పైగా ఆ చోట ఎవరూ రోడ్డు దాటరు, రెండు పక్కలా పొలాలే. ముందుకెళ్తే డివైడర్ మధ్యలో గ్యాప్ ఉంది చూశారూ, ఊళ్ళోవాళ్ళు సైకిళ్ళు, మేకలు, గడ్డిమోపులతో దాటే చోటు, అక్కడ మాత్రం కెమెరా లేదు సరికదా ఒక లైటు కూడా లేదు. మనుషులు పోయే చోట వదిలేసి బండ్లు జోరుగా పోయే చోట కూర్చుంటే దాన్ని ఏమంటారు అని నన్ను అడుగుతాడు, నేనేదో అక్కడ స్తంభం పాతినట్టు. కెమెరా ఉందని చెప్పే బోర్డు కానుగ చెట్టు కొమ్మల వెనక ఉంది, అది నిజం, నేనూ చూశాను. ఇక ఆ మెసేజ్ నెల దాటాక వచ్చింది, అదీ నిజం. ఆ రోజు ఎవరు నడిపారో, ఎందుకు తొందరపడ్డారో గుర్తు తెచ్చుకోవడానికి మాకు అత్తగారి జ్ఞాపకశక్తి కావలసొచ్చింది. ఆవిడకి తేదీలు గుర్తుండవు కానీ ఆ పూట ఏం తిన్నారో గుర్తుంటుంది.

సాయంత్రం మా అబ్బాయి భువనేశ్వర్ నుంచి ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న స్పీకర్ పెట్టి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. (ఇవాళ్టి మొత్తంలో ఒక్క మంచి ముక్క ఇదే, దీని పుణ్యమా అని ఆ పిల్లాడు తొందర లేకుండా చాలాసేపు మాట్లాడాడు.) వాడు వెంటనే వెతికి చెప్పాడు, 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ అని ఒక నిబంధన తెచ్చిందట, దాని ప్రకారం కెమెరా ఉన్నచోట కనబడేలా హెచ్చరిక బోర్డు ఉండాలి, తప్పు జరిగిన 15 రోజుల్లోపల నోటీసు పంపాలి. అంటే రెండు పాయింట్లూ మనవైపే. మా ఆయన మొహం వెలిగిపోయింది, పోరాడతానన్నాడు, కోర్టుకి వెళ్తానన్నాడు. అప్పుడు మావాడు మెల్లగా, "నాన్నా, ఫొటోలో నానమ్మకి సీటు బెల్టు లేదు" అన్నాడు.

దానికింకో వెయ్యి.

ఆ తర్వాత పోరాటం గురించి ఎవరూ ఎత్తలేదు.

2019 సెప్టెంబరు గుర్తొచ్చింది నాకు. కొత్త జరిమానాలు అమల్లోకి వచ్చిన మొదటి వారమే భువనేశ్వర్‌లో ఒక ఆటో డ్రైవరుకి 47,500 రూపాయలు వేశారని పేపర్లో వస్తే బరంపురంలో టీ కొట్ల దగ్గర వేరే కబురే లేదు. హెల్మెట్లు దొరకలేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ల దగ్గర క్యూలు, జనం మరీ గోల పెట్టేసరికి ఒడిశా ప్రభుత్వం మూడు నెలలు వెసులుబాటు ఇచ్చింది. అప్పుడు కూడా అందరూ అన్నది ఇదే మాట, ఇది ఖజానా నింపుకోవడానికి. నేనూ అన్నాను, గట్టిగానే అన్నాను. అయితే ఒకటి, ఆ మూడు నెలల్లో కొన్న హెల్మెట్టే మావాడు ఇప్పటికీ పెట్టుకుంటున్నాడు.

వేగం తగ్గించమని ఎవరు ఎవరికి చెప్తే వింటారు అని ఆలోచిస్తుంటే మోకులు గుర్తొచ్చాయి.

మా అమ్మమ్మగారి ఊరు హైవేని ఆనుకునే ఉండేది. అప్పుడు అది ఐదో నంబరు హైవే, ఇప్పుడు 16 అంటున్నారు, అప్పటికి నాలుగు వరసలు లేవు, రెండు పక్కలా చింతచెట్లు, మధ్యలో సన్నటి తారు. సముద్రం సైకిల్ దూరం. తీరం పొడవునా మన తెలుగు బెస్తవాళ్ళే కదా, తెల్లారకుండా గంపలెత్తుకుని ఆడవాళ్ళు రోడ్డు దాటి అవతలి ఊళ్ళకి చేపలమ్మడానికి వెళ్ళేవారు. ఒకరోజు చీకటితో ఒక ముసలమ్మని లారీ కొట్టేసింది. మా వీధి పిల్లలందరికీ ఉప్పుచేప ముక్క చేతిలో పెట్టే మనిషి. ఊరంతా రోడ్డు మీద కూర్చున్నారు, అటూ ఇటూ బస్సులు ఆగిపోయాయి, ఎవరో అధికారి జీపులో వచ్చి స్పీడ్ బ్రేకర్ వేయిస్తానని మాటిచ్చి లేపాడు. వారాలు గడిచాయి. ఎవరూ రాలేదు.

అప్పుడు ఒక రాత్రి బెస్తపాలెం మగవాళ్ళు పాత పడవ మోకులు మోసుకొచ్చారు. మనిషి చెయ్యంత లావువి, ఉప్పునీటికి నల్లబడిపోయినవి. లాంతర్ల వెలుగులో రోడ్డుకి అడ్డంగా మూడు వరసలు పరిచి చివర్లు ఇనప మేకులతో దిగ్గొట్టారు. మేం పిల్లలం అరుగు మీద దుప్పట్లు కప్పుకుని చూస్తూ కూర్చున్నాం, మమ్మల్ని లోపలికి పొమ్మనే తీరిక కూడా ఎవరికీ లేదు. మర్నాటి నుంచి ఎంత పెద్ద బస్సయినా మా ఊరి దగ్గరకొచ్చేసరికి గేరు మార్చాల్సిందే. డ్రైవర్లు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టేవారు, కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో, లారీలవాళ్ళు హిందీలో. సెలవులకి వెళ్ళినప్పుడల్లా మాకదే కాలక్షేపం, బస్సు టాపు మీద కూర్చున్నవాళ్ళు ఎగిరెగిరి పడటం చూడటం. ఆ మోకులు ఒక్క పైసా వసూలు చెయ్యలేదు. ఆ తర్వాత ఆ ఊళ్ళో రోడ్డు దాటుతూ ఎవరూ పోలేదని మా అమ్మమ్మ చాలా ఏళ్ళు చెప్పుకుంది.

ఇదే మా ఆయనకి చెప్పి, చూశారా, డబ్బు ఊసు లేకపోతే ఎవరికీ అనుమానం రాదు అందామనుకున్నాను. చెప్పబోతూ ఆగిపోయాను, ఎందుకంటే ఆ కథ అక్కడితో అవ్వలేదు. వానాకాలంలో ఒక రాత్రి స్కూటరు మీద వస్తున్న ఒకాయన ఆ మోకులు కనబడక ఎగిరిపడ్డాడు. తెల్లారేదాకా మా అరుగు మీదే పడుకోబెట్టారు, భుజం ఎముక విరిగింది, నొప్పికి ఆయన చేసిన చప్పుడు నాకిప్పటికీ తెలుసు. ఆయన ఆ ఊరికి ఏ అన్యాయమూ చెయ్యలేదు. తర్వాత మా మావయ్య మోకులకి సున్నం కొట్టడం మొదలుపెట్టాడు, వాన వచ్చి కడిగేసినప్పుడల్లా మళ్ళీ బకెట్టు పట్టుకుని వెళ్ళేవాడు.

కాబట్టి ఇప్పుడు నాకు కొంచెం తిరగబడింది. కెమెరా ఎవరి ఎముకా విరగ్గొట్టదు. వెయ్యి రూపాయలు విరగ్గొడుతుంది, అంతే. సున్నం మాత్రం కొట్టాలి, అంటే ఆ కానుగ కొమ్మలు నరికించాలి.

మావాడు రాత్రి ఇంకో లింకు పంపాడు, అది చదివాక వసూలు అన్న వాదన మీద నాకున్న నమ్మకం ఇంకాస్త సడలింది. ఇంగ్లండులో 1992 నుంచీ ఈ కెమెరాలున్నాయట. 2000 నుంచీ జరిమానా డబ్బులోంచి కెమెరాల ఖర్చు అక్కడి స్థానిక బృందాలే తీసుకునేలా పద్ధతి పెట్టారు, దాంతో జనం మా ఆయనలాగే దోపిడీ అన్నారు, 2007లో ఆ పద్ధతి తీసేశారు. ఆ తర్వాత జరిమానాలు తిన్నగా కేంద్ర ఖజానాకి, కెమెరా నడిపే ఖర్చు మాత్రం స్థానిక కౌన్సిల్‌కి. 2010 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్‌షైర్ అనే చోట ఖర్చు భరించలేక కెమెరాలు ఆపేశారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో మళ్ళీ పెట్టారు, ఎందుకంటే ఈలోపు రోడ్డు చావులు పెరిగాయని పోలీసులే చెప్పారు. ఏడాది నిండని లెక్కలతో ఏదీ గట్టిగా రుజువు కాదు, ఒప్పుకుంటాను. కానీ జరిమానా డబ్బు తమకి రాకపోయినా ఆ యంత్రాలని మళ్ళీ మొదలుపెట్టుకున్నారంటే వసూలు కోసం అని ఎలా అనగలం? ఈ విషయం మీద వచ్చిన 35 అధ్యయనాలని 2010లో ఒకచోట పెట్టి చూస్తే కెమెరాల దగ్గర్లో చావులూ పెద్ద గాయాలూ అయ్యే ప్రమాదాలు 11 నుంచి 44 శాతం దాకా తగ్గాయట. 11కీ 44కీ మధ్య ఎంత దూరముందో చూడండి, ఎక్కడ పెట్టారన్నదే ఆ తేడా అని నా అనుమానం.

ఇంకో తమాషా. ఈ కెమెరా కనిపెట్టినవాడు పోలీసు కాదు, గాట్సొనిడీస్ అనే డచ్చి రేసు డ్రైవరు, 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచినవాడు. మలుపుల్లో తను ఎంత వేగంగా పోతున్నాడో కొలుచుకుని ఇంకా వేగంగా పోవడానికి తయారుచేసుకున్నాడట. ఇది వినగానే మా ఆయన మొదటిసారి నవ్వాడు.

నవ్వడమైతే నవ్వాడు కానీ ఆయన గురించి నాకు ఉన్న అసలు చిరాకు వేరే. ఫోన్‌లో మ్యాప్ ముందు కెమెరా ఉందని కూస్తుంది కదా, కూయగానే 70కి దిగుతాడు, కెమెరా దాటగానే మళ్ళీ కాలు. గిరిసోలా దాటి ఇచ్ఛాపురం వెళ్ళేటప్పుడు ఎదురొచ్చే లారీలు లైట్లు ఆర్పి వెలిగించి చెప్తాయి, ముందర పోలీసు బండి ఉందని, ఈయనేదో స్వాతంత్ర్య సమరంలో రహస్య వార్త అందినట్టు తల పంకిస్తాడు, తర్వాత ఎదురొచ్చేవాళ్ళకి తనూ లైట్లు కొడతాడు. ఆ లైటు అందుకున్నవాళ్ళలో తాగి నడిపేవాడు కూడా ఉండొచ్చు కదండీ అంటే వినడు. కెమెరా చుట్టూ కొంత దూరమే జాగ్రత్త, అది దాటితే యథాప్రకారం, అప్పుడు దాని ప్రయోజనం ఆ కాస్త మేరకే. ముంబయి-పూణే ఎక్స్‌ప్రెస్‌వే మీద, మైసూరు-బెంగళూరు రోడ్డు మీద రెండు చోట్ల కెమెరాలు పెట్టి మధ్యలో ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి సగటు వేగం తీస్తున్నారట, దానికి ఈ లైట్ల నాటకం పనిచెయ్యదు. అది మన గంజాం జిల్లాకి వస్తే మా ఆయన బండి అమ్మేసి రైల్లో తిరుగుతాడు. తిరిగితే తిరగనీ.

ఇంతా చెప్పాక కూడా నేను పూర్తిగా కెమెరాల పక్షం కాలేదు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు, అందులో నూటికి 71 మంది అతివేగం వల్లే అని కేంద్రం పుస్తకంలో ఉంది. ఆ 71 చూస్తే నాకు నమ్మకం కంటే సందేహమే ఎక్కువ కలుగుతుంది. లైటు లేని గ్యాపు దగ్గర గుద్దుకున్నా, రాంగ్ రూట్లో వచ్చిన ట్రాక్టరుని గుద్దుకున్నా, కాగితం మీద అతివేగం అని రాసేస్తే రోడ్డు వేసినవాడి జోలికి ఎవరూ పోనక్కర్లేదు కదా. కేరళలో 2023 జూన్‌లో 726 కెమెరాల పథకం మొదలుపెట్టారు, అందులో వేగం కొలిచేవి ఎనిమిదే, మిగతావి దాదాపు అన్నీ హెల్మెట్లూ బెల్టులూ చూసేవి. మా అత్తగారు అక్కడ ఉంటే ఏ పెళ్ళికీ వెళ్ళలేరు.

అదే నెల, 2023 జూన్‌లోనే, మా జిల్లాలోని దిగపహండి దగ్గర రెండు బస్సులు ఢీకొని పెళ్ళివారు పన్నెండు మంది పోయారు. ఆ రాత్రి ఎంకేసీజీ ఆసుపత్రి వైపు అంబులెన్సులు ఆగకుండా వెళ్ళాయి, మేం వాకిట్లో నిలబడి ఉండిపోయాం. మా ఆయన దాని తర్వాత కొన్నాళ్ళు ఎంత నెమ్మదిగా నడిపాడంటే వెనకవాళ్ళు హారన్లు కొట్టేవారు. ఏ కెమెరా, ఏ చలానా లేకుండా. ఆ భయం ఎక్కువ రోజులు ఉండదు, అదే చిక్కు.

పడుకోబోయే ముందు పేచీ తేలింది, అంటే సగం తేలింది. లోక్ అదాలత్ వరకూ ఆగితే తగ్గిస్తారట, ఆగుదాం అంటాడు ఆయన. నేను రేపే కట్టేస్తానన్నాను, నెలల తరబడి ఆ వసూలు పాట వినే ఓపిక నాకు లేదు. బదులుగా కలెక్టరుకి అర్జీ రాద్దామన్నాను. ఒడియాలో ఆయనే రాయాలి, నా ఒడియా అక్షరాలు చూస్తే మావాడే నవ్వుతాడు. చెట్టు కొమ్మల సంగతి, గ్యాపు దగ్గర లైటు సంగతి వరకూ ఇద్దరం ఒప్పుకున్నాం. ఆ గ్యాపు దగ్గర కెమెరా అడగాలా, అండర్‌పాస్ అడగాలా అన్నదగ్గర మళ్ళీ మొదలైంది. అండర్‌పాస్ అంటే మన మనవలు పెళ్ళికెదిగేసరికి వస్తుంది అంటాను నేను. కెమెరా అంటే మొదటి చలానా మనకే వస్తుంది అంటాడు ఆయన. రెండూ రాయమన్నాను, ముందు కెమెరా రాయమన్నాను.