పరీక్ష కెమెరాకా, కెమెరా పుట్టిన దేశానికా?

ఇంటర్నెట్‌కు అనుసంధానమయ్యే సీసీ కెమెరా ఏ కంపెనీదైనా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో భద్రతా పరీక్ష నెగ్గితే తప్ప మన దేశంలో తయారు చేయడానికీ, దిగుమతి చేసుకోవడానికీ, అమ్మడానికీ 2025 ఏప్రిల్ 9 నుంచి వీలు లేదు. విజయవాడ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర, గవర్నర్‌పేట దుకాణాల్లో, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో కనిపించే కెమెరాలను చాలావరకు ధర చూసి కొన్నారే తప్ప, అవి తీసిన దృశ్యాలు ఏ సర్వర్‌కు చేరుతున్నాయో అడిగి కొనలేదు. 2024లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ఇచ్చిన ఆ ఉత్తర్వు చైనాను ఉద్దేశించినదని అందరికీ తెలుసు. అయినా అందులో ఏ దేశం పేరూ లేదు. నా దృష్టిలో ఆ ఉత్తర్వుకు ఉన్న గొప్ప బలం అదే.

పరీక్షలో అడిగేవి కెమెరాకు సంబంధించిన ప్రశ్నలు. మరమ్మతుల కోసం బోర్డు మీద వదిలిన పోర్టుల ద్వారా బయటివారు లోపలికి చొరబడగలరా, దృశ్యాలు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే బయటివారు చదవలేని రూపంలో వెళుతున్నాయా, తయారీదారు డిజిటల్ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను (కెమెరాను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను) పరికరం తిరస్కరిస్తుందా, లోపలి చిప్ ఎక్కడి నుంచి వచ్చింది, సోర్స్ కోడ్‌లో ఏముంది అన్నవి వాటిలో ముఖ్యమైనవి. అమెరికా ఇందుకు భిన్నంగా 2019 రక్షణ చట్టంతో హైక్‌విజన్, దాహువా వంటి చైనా కెమెరా కంపెనీల పరికరాలను పేరు పెట్టి ఫెడరల్ కొనుగోళ్ల నుంచి తొలగించింది. 2022 నవంబరులో ఆ కంపెనీల కొత్త నిఘా పరికరాలకు అనుమతులు కూడా ఆపేసింది. చైనా సంస్థలు తమ దేశ నిఘా వ్యవస్థకు సహకరించి తీరాలని 2017 నాటి చైనా చట్టం చెబుతున్నప్పుడు ఆ అనుమానం అర్థం లేనిదని నేను అనను. కానీ పేరు పెట్టి నిషేధించినప్పుడు, ఆ కంపెనీ ఎంత మంచి కెమెరా చేసినా జవాబు మారదు. అదే కెమెరా మరో దేశపు స్టిక్కరుతో వస్తే మాత్రం నిషేధాన్ని దాటిపోగలదు. పరీక్షకు స్టిక్కరుతో పని లేదు. నోయిడాలో తయారై, అందరికీ తెలిసిన పాస్‌వర్డుతో బయటికి వచ్చే కెమెరాను కూడా అది పట్టుకుంటుంది.

నిజానికి అమెరికా, చైనాల ఈ వైరం మన ఉత్తర్వుకు ముందే మన కెమెరాల లోపలికి చేరింది. ఒకప్పుడు నిఘా కెమెరాల చిప్‌లలో పెద్ద వాటా చైనా టెలికాం కంపెనీ హువావే అనుబంధ సంస్థ హైసిలికాన్‌ది. అమెరికా 2019 మేలో హువావేను నిషేధ జాబితాలో చేర్చింది. అమెరికన్ సాంకేతికతతో పనిచేసే ఏ ఫ్యాక్టరీ అయినా హువావే కోసం చిప్‌లు చేయాలంటే తన అనుమతి ఉండాలని 2020లో నిబంధన తెచ్చింది. దానితో కెమెరా తయారీదారులు తైవాన్ తదితర చోట్ల చిప్‌ల కోసం వెతుక్కోవలసి వచ్చింది. వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయం ఏలూరు రోడ్డులో స్తంభానికి బిగించే కెమెరా ధరనూ, బోర్డునూ మార్చగలదన్న మాట.

మన ఉత్తర్వుకు చిక్కు వచ్చేది అమలులో. ప్రయోగశాలల సామర్థ్యం చాలదనీ, అనుమతులు ఆలస్యమవుతున్నాయనీ తయారీ కంపెనీలు అప్పట్లోనే మొరపెట్టుకున్నాయి. పెద్ద కంపెనీ ఇంజినీర్లను పంపి, పత్రాలు సమర్పించి, నెలలు వేచి ఉండగలదు. విడిభాగాలు తెచ్చి బిగించుకునే చిన్న తయారీదారుకు ఆ ఓపిక ఉన్నా పెట్టుబడి ఉండదు. కాగితం మీద అందరికీ సమానమైన పరీక్ష, ప్రయోగశాల గుమ్మం దగ్గర కొందరికి మాత్రమే దారి ఇస్తే, అది భద్రత పేరుతో నడిచే దిగుమతి అడ్డుగోడ అవుతుంది. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అని హఠాత్తుగా ప్రకటించి, వెంటనే వాయిదా వేసి, చివరికి నవంబరు 1 నుంచి ఆన్‌లైన్ అనుమతి పద్ధతితో సరిపెట్టిన ఉదంతం ఇంకా పాతబడలేదు. అప్పుడు కూడా భద్రతే కారణమన్నారు, కానీ ఆ లైసెన్సు ల్యాప్‌టాప్ లోపల ఏముందో పరీక్షించేది కాదు.

కొనేవాడు ఎవరని అడిగే నిబంధన ఎంత బాధిస్తుందో మనకు తెలుసు. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల అరుదైన లోహాల మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి లైసెన్సు పెట్టినప్పుడు, ఆ అయస్కాంతాలను ఎవరు, ఎందుకు వాడతారో హామీ పత్రాలు సమర్పించి మన వాహన కంపెనీలు నెలల తరబడి ఎదురుచూశాయి. అంతకు చాలా ముందు, రష్యాతో కుదిరిన క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో పనిచేసే రాకెట్) ఇంజిన్ ఒప్పందం విషయంలో 1992లో అమెరికా ఇస్రో మీద ఆంక్షలు పెట్టింది. మరుసటి ఏడాది రష్యా సాంకేతికత బదిలీ నుంచి తప్పుకుంది. సొంత ఇంజిన్‌తో జీఎస్ఎల్వీ శ్రీహరికోట నుంచి విజయవంతంగా ఎగిరేసరికి 2014 జనవరి వచ్చింది.

గుంటూరు యార్డులో తేజ రకం మిర్చికి పెద్ద కొనుగోలుదారు చైనా. రేపు పురుగుమందుల అవశేషాల పేరు చెప్పి ఆ దేశం మన సరుకును ఆపితే, మిర్చిని పరీక్షించి మాట్లాడండి, దేశాన్ని చూసి కాదు అని మన ఎగుమతిదారులు గట్టిగా అడుగుతారు, అడగాలి కూడా. ఆ వాదన వినిపించడానికి ప్రపంచ వాణిజ్య సంస్థలో అప్పీలు విభాగం 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. అందుకే కెమెరాల విషయంలో మన శాఖ చేయగలిగిన ఒక చిన్న పని వెంటనే చేయాలని కోరుతున్నాను: ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఒక్కోదానికి ఎన్ని రోజులు పట్టింది, తిరస్కరించినవాటిలో కనిపించిన లోపం ఏమిటి అన్న వివరాలను కంపెనీ ఏ దేశానిదైనా ఒకే పట్టికలో ప్రతి నెలా ప్రకటించాలి.