రేషన్ క్యూలో మొదలయ్యే సైనిక పాలన

అణుయుద్ధం తర్వాత సైన్యం గద్దెనెక్కే కథలంటే నాకు చాలా ఇష్టం. కానీ దాదాపు అన్నీ ఒకేలా మొదలవుతాయి: నగరం బూడిదవుతుంది, వీధుల్లోకి ట్యాంకులు వస్తాయి, రేడియోలో ఒక జనరల్ మాట్లాడతాడు. మా విశాఖపట్నంలో అలా జరగదు. కొంతకాలంగా ఇదే విషయం మీద ఒక ప్రత్యామ్నాయ చరిత్ర రాస్తున్నాను, రాసేకొద్దీ నాకు గట్టిపడుతున్న నమ్మకం ఒకటే. ఇక్కడ సైనిక పాలన మనం అడిగితేనే వస్తుంది, అదీ కలెక్టర్ సంతకంతో, బియ్యం కోసం.

నా కథలో చరిత్ర దారి తప్పేది 1983 సెప్టెంబర్ 26న. ఆ రాత్రి మాస్కోకి దగ్గర్లోని సెర్పుఖోవ్-15 బంకర్‌లో, క్షిపణి హెచ్చరికలు చూసే సోవియట్ సైనికాధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి ఒక క్షిపణి బయల్దేరిందని, ఆ తర్వాత ఇంకో నాలుగు వస్తున్నాయని కంప్యూటర్ చూపించింది. నిజానికి అది ఎత్తైన మేఘాల మీద పడ్డ ఎండ, ఉపగ్రహం దాన్ని క్షిపణి మంట అనుకుంది. దక్షిణ కొరియా విమానాన్ని సోవియట్లు కూల్చేసి 269 మంది చనిపోయి అప్పటికి నెల కూడా కాలేదు, రెండువైపులా టెన్షన్ ఏ స్థాయిలో ఉందో ఊహించుకోవచ్చు. అయినా పెట్రోవ్ నిదానంగా ఆలోచించి, ఇది తప్పుడు హెచ్చరిక అని పైవాళ్ళకి చెప్పాడు. నా కథలో ఆ రాత్రి ఆయనకి జ్వరం, కుర్చీలో ఇంకొకరు ఉన్నారు, వాళ్ళు ఆ హెచ్చరికని నమ్మేస్తారు. నేను మార్చింది అంతే.

యుద్ధం గురించి ఒక్క పేజీ కూడా రాయలేదు. మన మీద ఒక్క బాంబు కూడా పడదు. చాలామంది చదువరులకి ఇక్కడే అసంతృప్తి, బాంబే పడకపోతే మనకేం అవుతుందని అడుగుతారు.

మొదట ఓడలు రావడం ఆగిపోతుంది. 1983లో విశాఖ బతికేదే ఓడల మీద. రిఫైనరీకి ముడిచమురు రావాలి, కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీకి ముడిసరుకు రావాలి. బస్తర్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) మీద దిగి, ఔటర్ హార్బర్ నుంచి జపాన్ వెళ్ళాలి. కొనే జపాన్ లేకపోతే ఆ ఎర్రమట్టి కుప్పలు పోర్టులో అలాగే పడి ఉంటాయి, వాటి మీద బతికే లారీవాళ్ళు, కళాసీలు వారం తిరక్కుండా రోడ్డున పడతారు. డీజిల్ అయిపోతుంది. అప్పటికి మన రైల్వేలో బొగ్గు ఇంజన్లు ఇంకా చాలానే ఉన్నాయి కాబట్టి రైళ్ళు కొంతవరకు నడుస్తాయి, కానీ పంజాబ్ నుంచి బయల్దేరిన గోధుమల రైలు ఇన్ని రాష్ట్రాలు దాటి మన దాకా నిండుగా వస్తుందని నాకైతే నమ్మకం లేదు.

ఆ తర్వాత పొగ. తగలబడిన నగరాల మసి పైకి లేచి సూర్యుణ్ణి కప్పేస్తే భూమి చల్లబడుతుందని కార్ల్ సాగన్, ఇంకో నలుగురు శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో రాసింది సరిగ్గా 1983 డిసెంబర్‌లోనే. మనకి దీని అర్థం చలి ఒక్కటే కాదు. ఎండాకాలంలో నేల బాగా కాగితేనే సముద్రం మీది తేమగాలి లోపలికి వస్తుంది. నేల కాగకపోతే నైరుతి లేదు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలితే మరుసటి ఏడాది మన రుతుపవనాలు గతి తప్పాయి, అది ఒక్క కొండ పొగ. 2022లో వచ్చిన ఒక అధ్యయనం, అమెరికా రష్యాల మధ్య పూర్తిస్థాయి అణుయుద్ధం జరిగితే ప్రపంచంలో 500 కోట్ల మందికి పైగా ఆకలితో చనిపోవచ్చని లెక్కగట్టింది. అంటే చచ్చేవాళ్ళలో ఎక్కువమంది బాంబు శబ్దం కూడా వినరు. నా కథలో 1984 జూన్‌లో అనకాపల్లి వైపు రైతు నారుమడి పోసుకుని ఆకాశం వంక చూస్తుంటాడు, ఆకాశం నీలంగా ఉండదు, వాన పడదు. ఏజెన్సీ నుంచి చోళ్ళు, సామలు కొంచెం దిగుతాయి. పట్నంలో ఉన్నవాళ్ళు కూడా పొద్దున చోడంబలికి వచ్చేస్తారు.

అప్పటికే ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైపోయింది. కార్డులున్నాయి, డీలర్లున్నారు, కేంద్రం ధాన్యం నిల్వచేసే ఎఫ్‌సీఐ గోడౌన్లున్నాయి. కొత్తగా ఏ నియంత కూడా ఏమీ కట్టక్కర్లేదు, ఎవరి చేతిలో గోడౌన్ తాళం ఉంటే వాళ్ళదే ఊరు. గోడౌన్ దగ్గర తొక్కిసలాట జరుగుతుంది. అప్పట్లో అమల్లో ఉన్న నేర విచారణ చట్టం, అదే సీఆర్పీసీ, 130వ సెక్షన్ కింద గుంపుని చెదరగొట్టడానికి మేజిస్ట్రేట్ సైన్యాన్ని పిలవచ్చు. పిలుస్తారు. ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఊళ్ళోనే ఉంది, వాళ్ళకి క్రమశిక్షణ ఉంది, కొంచెం ఇంధనం నిల్వ ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా వైర్‌లెస్ ఉంది. టెలిఫోన్లు పనిచెయ్యని రోజుల్లో ఢిల్లీ ఏం చెప్పిందో నేవీ చెబితేనే కలెక్టర్‌కి తెలుస్తుంది. నేను చాలాసేపు ఆగిపోయింది ఇక్కడే. అబద్ధం చెప్పక్కర్లేదు, ఏ మెసేజ్ ముందు ఇవ్వాలో, ఏది రెండ్రోజులు ఆగి ఇవ్వాలో నిర్ణయించుకుంటే చాలు.

జనం ఎదురు తిరగరా అంటారా? 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేక, నీళ్ళు లేక, పాల ప్యాకెట్ ఎంత చెబితే అంతకి కొనుక్కున్న రోజులు ఇక్కడున్నవాళ్ళకి గుర్తే. పెట్రోల్ బంకు క్యూలో నా ముందున్న పెద్దాయన, చాలా మంచి మనిషి, "ఇదంతా నేవీకి అప్పజెప్పెయ్యాలండీ, రెండ్రోజుల్లో సెట్ అయిపోద్ది" అన్నారు. క్యూలో ఒక్కరు కూడా కాదనలేదు, నేను కూడా. నేవీ అంటే మాకు ప్రేమ. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మా తీరానికి దగ్గర్లోనే, నేవీ డే విన్యాసాలు జరిగితే ఆర్కే బీచ్ నిండిపోతుంది, తుఫాను వస్తే చెట్లు తొలగించడానికి వచ్చేది వాళ్ళే. ఆ ప్రేమ న్యాయమైనదే. అందుకే నా కథలో అది అంత బలంగా పనిచేస్తుంది.

సైనిక పాలన నిజంగా ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు కూడా మా ఊళ్ళోనే ఉన్నారు. 1962లో సైన్యాధిపతి నే విన్ బర్మాని చేజిక్కించుకున్నాక తిరిగొచ్చిన తెలుగు కాందిశీకులు కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో స్థిరపడ్డారు. అక్కడి ఒక తాతగారితో చాలాసేపు మాట్లాడాను. 1964లో దుకాణాలు జాతీయం చేసినప్పుడు వాళ్ళ నాన్న కొట్టు బోర్డు తీసేసి ఒక నంబరు తగిలించారట. "తుపాకీ చూపించలేదు బాబూ, మర్యాదగానే వచ్చారు, తాళాలు అడిగారు, రసీదు కూడా ఇచ్చారు" అన్నారు. ఆ రసీదుని వాళ్ళమ్మ ఓడలో చీర మడతల్లో పెట్టుకుని తెచ్చుకుందట. ఆ మాటలు విన్నాక నా కథలో ఊరిని ఏలే నేవీ అడ్మిరల్ పాత్రని మొదటి నుంచి మళ్ళీ రాశాను.

నాకు బాగా నచ్చిన అధ్యాయం మాత్రం తెప్పలది. డీజిల్ లేనప్పుడు మరబోట్లు హార్బర్లో ఆగిపోతాయి, తెరచాపతో వెళ్ళే తెప్పలే ఊరికి చేపలు పెడతాయి. కాబట్టి పాలకులకి వాటి మీద పట్టు కావాలి. ఇది నా ఊహ కాదు. 1942లో జపాన్ వస్తుందన్న భయంతో బెంగాల్ తీరంలో పది మందికి మించి పట్టే పడవల్ని బ్రిటిష్‌వాళ్ళు స్వాధీనం చేసుకున్నారు, మరుసటి ఏడాది వచ్చిన కరువు అన్ని లక్షల మందిని మింగడానికి అది కూడా ఒక కారణం. నా కథలో ఒక కుర్ర ఆఫీసరు పెయింట్ డబ్బా పట్టుకుని మత్స్యకారులుండే జాలారిపేట వచ్చి ప్రతి తెప్పకీ నంబరు వేయిస్తాడు. కానీ తెప్ప అంటే తాళ్ళతో కట్టిన దుంగలు. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఆరబెడతారు. మర్నాటికి 14వ నంబరు దుంగ ఒకరి తెప్పలో ఉంటుంది, దాని పక్కన ఉండాల్సిన దుంగ ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఆఫీసరు రికార్డు ఎప్పటికీ తేలదు. వారం తర్వాత ఆర్డర్ వస్తుంది: దుంగలు విప్పకూడదు. విప్పకపోతే అవి నీరు పట్టి బరువెక్కుతాయి, అలల మీద తేలవు. నాకు తెలిసి ఆ పాలన మొదటిసారి మనుషుల్ని చంపేది ఆ ఆర్డర్‌తోనే, దాన్ని రాసినవాడికి ఎవరినీ చంపాలని లేదు.

అడ్మిరల్‌ని దుర్మార్గుణ్ణి చెయ్యమని ఒక ఫ్రెండ్ పదేపదే అంటున్నాడు, చదవడానికి ఊపు వస్తుందట. నేను చెయ్యను. ఆయన తన రేషన్ కూడా తగ్గించుకుంటాడు, దొంగ సరుకు అమ్మిన సొంత బంధువుని జైల్లో పెడతాడు, ఊరంతా దండలు వేస్తుంది. అలాంటి మనిషి చేతుల్లోంచి అధికారాన్ని వెనక్కి అడగడం దుర్మార్గుడి దగ్గర కంటే చాలా కష్టం, ఎందుకంటే అడిగినవాడే కృతఘ్నుడిలా కనిపిస్తాడు.

తర్వాతి భాగం 1985 జనవరిలో మొదలవుతుంది. 1980లో ఎన్నికైన లోక్‌సభకి గడువు తీరేది ఆ నెలలోనే. ఎమర్జెన్సీ అమల్లో ఉంటే ఆ గడువుని ఏడాది చొప్పున పొడిగించుకునే వీలు రాజ్యాంగంలోనే ఉంది, 1976లో రెండుసార్లు పొడిగించారు కూడా. ఢిల్లీ ఈసారి పొడిగించిందా లేదా అన్నది విశాఖకి తెలియాలంటే నేవీ వైర్‌లెస్ గదిలోంచి ఒక కాగితం కలెక్టరాఫీసుకి రావాలి. ఆ కాగితం మీద ఏముంటుందో ఇంకా రాయలేదు.