రూత్ పోల్స్కీ, మా పెదనాన్న బయానా పుస్తకం

జాయ్ డివిజన్, న్యూ ఆర్డర్ అనే ఇంగ్లాండు రాక్ బ్యాండ్లని వినేవాళ్ళకి బ్యాండులో ఎవరు ఏం వాయించారో, ఎవరితో ఎవరికి పడలేదో అన్నీ నోటికొచ్చు, కానీ వాళ్ళని న్యూయార్క్ పిలిపించింది ఎవరంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. ఆవిడ పేరు రూత్ పోల్స్కీ. ముందు హుర్రా అనే క్లబ్బులో, తర్వాత డాన్సెటీరియాలో షోలు బుక్ చేసేది, అమెరికాలో ఇంకా పెద్దగా ఎవరికీ తెలియని ఇంగ్లాండు పోస్ట్ పంక్ (పంక్ రాక్ తర్వాత వచ్చిన సంగీతం) బ్యాండ్లని రప్పించి స్టేజీ ఎక్కించింది.

1980 మేలో జాయ్ డివిజన్‌ని హుర్రాకి బుక్ చేసింది. బ్యాండు రేపు బయల్దేరాలనగా మే 18న వాళ్ళ గాయకుడు ఇయాన్ కర్టిస్ చనిపోయాడు. మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ అని పేరు పెట్టుకుని సెప్టెంబర్‌లో వస్తే న్యూయార్క్‌లో వాళ్ళ వాయిద్యాలున్న వ్యానే ఎవడో ఎత్తుకుపోయాడు, అయినా అద్దె సామాన్లతో వాయించేశారు. 1983 డిసెంబర్ 31 రాత్రి డాన్సెటీరియాలో ది స్మిత్స్‌కి అమెరికాలో మొదటి షో పెట్టించింది కూడా ఈవిడే, ఆ బ్యాండు గాయకుడు మారిసీ స్టేజీ మీంచి కింద పడ్డాడు, ఇప్పటికీ ఆ పడటం గురించే చెప్పుకుంటారు తప్ప పిలిచినావిడ ఊసెత్తరు. 1986 సెప్టెంబర్ 7న లైమ్‌లైట్ క్లబ్బు బయట టాక్సీ గుద్ది పోయింది పాపం.

ఇదంతా చదువుతుంటే నాకు మా పెదనాన్నే గుర్తొచ్చాడు. ఆయన పర్లాకిమిడి వైపు నాటకాల కాంట్రాక్టరు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేశారు గానీ పద్య నాటకానికి బోర్డరేటి, ఇటు కాశీనగర్, గుణుపురం, అటు పాతపట్నం, టెక్కలి, పండగొచ్చినా జాతరొచ్చినా ఊరిపెద్దలు ఈయన దగ్గరికే వచ్చేవారు. ఎవరిది ఏ వేషం, ఎవరికెంత, హార్మోనీ ఎవరు, పార్టీని ఏ బస్సెక్కించాలి అన్నీ ఈయన నెత్తినే. ఒక్క ఊరికోసం అంతమందిని రప్పిస్తే చార్జీలకే సరిపోద్ది కాబట్టి అదే దారిలో ఇంకో రెండూళ్ళు ఒప్పించేవాడు. సముద్రం దాటొచ్చే బ్యాండుకైనా లెక్క ఇంతే కదా, ఒక్క షో కోసం టికెట్లు ఎవడు పెడతాడు!

పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అని అరిచేది నటుడికి. తెల్లారి బాకీ కోసం ఊరిపెద్ద అరుగు మీద కూర్చునేది ఈయన.

ఆయన పోయాక మా పెద్దమ్మ ట్రంకుపెట్టెలోంచి పాత బయానా పుస్తకాలు తీసిచ్చింది. ఎర్రగుడ్డ అట్ట, లోపల తేదీ, ఊరు, వేషం, బయానా, బాకీ. అవి ఎవరైనా రాసుకుంటారు, నాకు నచ్చింది పక్కన చిన్నక్షరాల్లో రాసుకున్నవి. ఒకచోట "ఈయనకి నాలుగు శ్రుతి దాటకూడదు, గొంతు పోయింది, ఎవరితో అనొద్దు" అని ఉంది. ఇంకోచోట "లోహితుడికి పిల్లాడు ఊళ్ళోనే దొరుకుతాడు, తీసికెళ్ళక్కర్లేదు". హార్మోనీ ఆయనకి రాత్రి అన్నం పడదు, రొట్టె చెప్పాలి, ఇలాంటివన్నమాట. నాటకం నడిచింది వీటివల్లేనని నేనంటాను, మీరు ఒప్పుకోకపోయినా.

పెద్దమ్మ మాత్రం "ఏట్రా, ఆ బాకీల పుస్తకాలు పట్టుకుని ఇప్పుడు ఎవర్ని వసూలు చేస్తావేటి" అని నవ్వుతుంది.

ఒక్కో పేజీ ఫోన్లో స్కాన్ చేస్తున్నాను. అందులో పేర్లున్న ఆర్టిస్టుల్లో బతికున్నవాళ్ళని వెతికి ఆ పేజీ చూపించి మాట్లాడించి రికార్డు చేస్తున్నాను. పేజీ చూపించకపోతే "అంతా బాగా జరిగేది బాబూ" అని ఊరుకుంటారు, చూపిస్తే మాత్రం ఏ ఊళ్ళో వాన పడింది, ఎక్కడ సగం డబ్బులే ఇచ్చారు, మొత్తం కక్కేస్తారు. గొంతు పోయిన ఆయన పేజీ మాత్రం ఎవరికీ చూపించట్లేదు, పెదనాన్న ఎవరితో అనొద్దని రాసుకున్నాడు కదా.

మీ ఇళ్ళల్లో పాత నాటకాల కరపత్రాలుంటే ఫోటో తీసి పంపండి. వెనక వైపు కూడా తీయండి, లెక్కలన్నీ అక్కడే రాసేవారు.