109 నంబరు ట్రామ్, నెమలికంఠం బోర్డులు

మెల్‌బోర్న్ వెళ్ళొచ్చినవాళ్ళందరూ రాసే గ్రేట్ ఓషన్ రోడ్డు, ఫిలిప్ ఐలాండ్ పెంగ్విన్లు నేనూ చూశాను. బాగున్నాయి. వాటి ఫోటోలు ఇప్పటికే ప్రతి కుటుంబం వాట్సాప్ గ్రూపులోనూ ఉన్నాయి కాబట్టి కొత్తగా చెప్పేదేం లేదు. నేను చెప్పాలనుకున్నది 109 నంబరు ట్రామ్ గురించి.

అమ్మాయి వాళ్ళుండేది మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో. సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే తెనాలిలో ఉన్నట్టే ఉంటుంది, చలి ఒక్కటే తేడా. ఊళ్ళోకి వెళ్ళాలంటే మాత్రం వి-లైన్ రైలెక్కాలి. గీలాంగ్ వైపు నుంచి వచ్చే ఆ రైలు పొద్దున్న పూట టార్నీట్ చేరేసరికే నిండిపోయి ఉంటుంది. 2025లో నేను వెళ్ళినప్పుడు టికెట్టు రెండు గంటలకు ఐదున్నర డాలర్లు, అంటే దగ్గర దగ్గర 300 రూపాయలు. తెనాలి–బెజవాడ ప్యాసింజర్లో నేను ఏళ్ళ తరబడి నిలబడే వెళ్ళాను గానీ, నిలబడటానికి 300 ఎవరూ అడగలేదు. ఈ రైలు సంగతి గుర్తుపెట్టుకోండి. అక్కడి ఓ పెద్ద పార్టీ ఓడిపోవడంలో ఇలాంటి రైళ్ళకీ వాటా ఉంది.

2025 ఏప్రిల్ చివరి రోజులవి. మే 3 శనివారం దేశమంతటా పోలింగ్. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి, ప్రిసైడింగ్ ఆఫీసరు డ్యూటీలు, అర్ధరాత్రి కూర్చుని పోలైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారాలు నింపడాలు ఎన్నో చేసినవాణ్ణి. ఎన్నికలంటే ఇప్పటికీ కాలు నిలవదు. తీరా చూస్తే అక్కడ మైకు లేదు, ఫ్లెక్సీ లేదు, జెండా కట్టిన ఆటో లేదు. ఇదేం ఎన్నికయ్యా అని అల్లుణ్ణి అడిగితే, "109 ట్రామెక్కి క్యూ వైపు వెళ్ళిరండి మావయ్యగారూ, అక్కడ ఇళ్ళ ముందే కనబడుతుంది" అన్నాడు. క్యూ అనేది ఊరికి తూర్పున, డబ్బున్నవాళ్ళ పేట.

కాలిన్స్ స్ట్రీట్‌లో ఎక్కాను. ఊరి నడిబొడ్డున ట్రామ్ ఫ్రీ, ఆ హద్దు దాటితే కార్డు గీయాలి. రిచ్‌మండ్‌లో వియత్నాం హోటళ్ళ వాసన కిటికీలోంచి వచ్చింది. యారా నది వంతెన దాటగానే ఊరే మారిపోయినట్టయింది. పెద్ద చెట్లు, ఎర్రబడుతున్న ఆకులు, గేటు నుంచి చాలా లోపలికి కట్టుకున్న ఇళ్ళు. ఇళ్ళ ముందు పచ్చికలో పాతిన బోర్డులు. కొన్ని నీలం, లిబరల్ పార్టీవి. వాటికి దీటుగా, కొన్నిచోట్ల వాటికన్నా ఎక్కువగా, నెమలికంఠం రంగు బోర్డులు. మా ఆవిడ పట్టుచీరల్లో తప్ప ఆ రంగుని నేను ఎన్నికల్లో ఎక్కడా చూడలేదు.

పక్కన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. సంచిలోంచి ఉల్లికాడల్లాంటివేవో పైకి కనబడుతున్నాయి. ఆ రంగు ఏ పార్టీదని అడిగాను. "పార్టీ కాదు" అంది, కాస్త చిరాగ్గానే. కాసేపాగి తనే మొదలుపెట్టింది.

పేరు లిబరల్ అయినా అది అక్కడి కుడివైపు పార్టీ. క్యూ ఉన్న నియోజకవర్గం కూయాంగ్. 1944లో ఆ పార్టీని నిలబెట్టిన రాబర్ట్ మెంజీస్ సొంత సీటు. దాని ప్రధాన ప్రత్యర్థి లేబర్ పార్టీ అక్కడ ఒక్కసారీ గెలవలేదు. అలాంటి చోట 2022లో ఆర్థికమంత్రి జాష్ ఫ్రైడెన్‌బర్గ్‌ని, రాజకీయాలకు కొత్తయిన పిల్లల నరాల డాక్టరు మోనిక్ రయన్ ఇండిపెండెంట్‌గా నిలబడి ఓడించింది. ఆవిడవే నెమలికంఠం బోర్డులు. నా పక్కనున్న పెద్దావిడ మొదటి ఓటు నుంచి 2019 దాకా లిబరల్‌కే వేసిందట.

"ఫ్రైడెన్‌బర్గ్ పెద్దమనిషి. వీధిలో కనబడితే పలకరించేవాడు" అంది. "కానీ క్యాన్‌బెర్రాలో బార్నబీ జాయిస్ ఎటు ఓటేస్తే ఈయనా అటే వేసేవాడు. నాకేమో ఓటు కావాలి. పలకరించడానికి మా పక్కింటివాళ్ళున్నారు."

జాయిస్ అప్పట్లో ఉపప్రధాని, పొత్తులో ఉన్న నేషనల్స్ పార్టీ నాయకుడు. గ్రామీణ ప్రాంతాలు, బొగ్గు గనుల తరఫున గట్టిగా మాట్లాడే మనిషి. పన్నులు తక్కువుండాలి, ప్రభుత్వం పొదుపుగా ఉండాలి అనే విషయాల్లో ఈవిడ ఇప్పటికీ పాత లిబరలే. వాతావరణం గురించీ, పార్లమెంటులో ఆడవాళ్ళకు జరిగే మర్యాద గురించీ మాత్రం ఆ పార్టీతో మాట్లాడీ మాట్లాడీ విసిగిపోయింది. మరి లేబర్‌కి వెయ్యొచ్చుగా అంటే నావైపు అదోలా చూసింది. వాళ్ళాయన బతికుండగా లేబర్ పేరెత్తితే భోజనం మానేసేవాడట.

నాకు అక్కడ వెలిగింది. ఆ పార్టీ ఈవిడ గురించి వేసుకున్న లెక్క ఇదే. ఎంత విసుక్కున్నా లేబర్ గడప తొక్కదు, తిరిగి తిరిగి మన దగ్గరికే వస్తుంది. కాబట్టి ఈవిణ్ణి పట్టించుకోకపోయినా నష్టం లేదు, బుజ్జగించాల్సింది ఇంకా కుడివైపు అంచున ఉన్నవాళ్ళని. లెక్క తప్పేం కాదు, మూడో గడప లేనంతవరకు.

అక్కడి పద్ధతి ఆ మూడో గడపకి అనుకూలం కూడా. బ్యాలెట్ మీద ఒక్కరికి ముద్ర వేయడం ఉండదు, అభ్యర్థులందరికీ వరసగా 1, 2, 3 అంకెలు వేయాలి. మనం 1 వేసిన మనిషి వెనకబడి పోటీలోంచి పోతే, ఆ ఓటు 2 వేసినవాళ్ళకి వెళ్తుంది. పెద్దావిడ 2022లో డాక్టరుకి 1, లిబరల్‌కి 2 వేసిందట. నాలోని ప్రిసైడింగ్ ఆఫీసరు ఊరుకోలేదు. డాక్టరు చివరిదాకా పోటీలో ఉంది కాబట్టి మీ 2 ఎవరూ లెక్కపెట్టి ఉండరమ్మా అన్నాను. "తెలుసు" అంది. "అది మా ఆయన కోసం."

మనకి ఈ సౌకర్యం లేదు. 2009లో హైదరాబాద్‌లో నేనెరిగిన చదువుకున్నవాళ్ళు చాలామంది జయప్రకాశ్ నారాయణ్ మంచివాడనేవాళ్ళు, ఆ వెంటనే "ఓటు వేస్టయిపోతుంది" అనేవాళ్ళు. లోక్‌సత్తాకి రాష్ట్రం మొత్తం మీద కూకట్‌పల్లి ఒక్కటే వచ్చింది. 2 వేసే అవకాశం ఉండి ఉంటే ఏమయ్యేదో. మా తోడల్లుడు ఇప్పటికీ ఆ మాటెత్తితే నిట్టూరుస్తాడు.

ఇంకో తేడా కూడా ఉంది. మన దగ్గర పార్టీ మీద కోపమొచ్చిన మధ్యతరగతి మనిషి పోలింగ్ రోజు ఇంట్లో కూర్చుని టీవీ చూస్తాడు. అక్కడ ఓటు తప్పనిసరి, వేయకపోతే 20 డాలర్లు జరిమానా. సొంత కార్యకర్తలకు పూనకం తెప్పించి, మిగతావాళ్ళు రాకపోతే చాలనుకుని గెలవడం కుదరదు. అలిగినవాడు కూడా బూతుకొస్తాడు, వచ్చి ఏదో ఒక అంకె వేస్తాడు.

ఆవిడ కాథమ్ రోడ్డులో దిగిపోయింది. వెళ్తూ ఈసారి ఎవరికి వేస్తుందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను చివరి స్టాపు బాక్స్‌హిల్ దాకా వెళ్ళాను. అంతా చైనా బజారు. కూరగాయలతో ఉడికించిన కుడుములు ఓ ప్లేటు, టీ కలిపి ఇరవై డాలర్ల పైన తీసుకున్నారు. రుచికి వంక పెట్టను, బిల్లుకి పెడతాను. ఆ పేట ఉన్న సీటు పేరు మెంజీస్. అప్పటి ఎంపీ కీత్ వోలాహన్ లిబరల్ పార్టీలోనే మధ్యస్థంగా మాట్లాడే మనిషని పేరు. పోలింగ్ వారంలో అదే పార్టీ సెనేటర్ జేన్ హ్యూమ్ టీవీలో, లేబర్ తరఫున కరపత్రాలు పంచేవాళ్ళను ఉద్దేశించి "చైనా గూఢచారులు" అన్న మాట తెచ్చింది. బాక్స్‌హిల్‌లో ఓట్లు అడుక్కోవాల్సింది వోలాహన్.

ఇక రైలు దగ్గరికొస్తాను. అప్పటి లిబరల్ నాయకుడు పీటర్ డటన్ ఈ క్యూ లాంటి పేటలకంటే టార్నీట్ లాంటి శివార్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నాడు. ఇంటి అప్పులు, పెట్రోలు ఖర్చు ఉన్న జనం తనవైపు వస్తారనుకున్నాడు. లీటరుకి పాతిక సెంట్లు తగ్గిస్తానన్నాడు. మా అల్లుడికి డెలివరీ వ్యాన్లున్నాయి, అది బాగానే నచ్చింది. కానీ అంతకుముందే మార్చిలో ఆ పార్టీవాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులంతా ఆఫీసుకి రావాల్సిందే అన్నారు. ఏప్రిల్ మొదట్లో తూచ్ అన్నారు. మా అమ్మాయిది ప్రైవేటు ఉద్యోగం, తనకి సంబంధమే లేదు. "ఇవాళ వాళ్ళకి, రేపు మాకు నాన్నా. పిల్లాణ్ణి బడిలో దింపి ఆ రైలెక్కి ఎలా వెళ్ళను?" అంది. ఆ రైల్లో ఒక్కసారి నిలబడ్డాక నేను దానికి ఎదురు చెప్పలేకపోయాను. అలా నదికి తూర్పున పోయిన ఓట్లు పడమటి శివార్లలో వస్తాయనుకుంటే, ఇక్కడా రాలేదు.

పోలింగ్ రోజు అమ్మాయితో బడిదాకా వెళ్ళాను. బయట రొట్టెలో సాసేజ్ పెట్టి అమ్ముతున్నారు, నేను తినను కాబట్టి ఉల్లిపాయలు మాత్రం పెట్టించుకున్నాను. గుర్తింపు కార్డు అడగలేదు, వేలికి సిరా లేదు, ఓటు వేయడానికి పెన్సిలు! మన దగ్గర ఏజెంట్లు ఆ పెన్సిలు చూస్తే బూతు నడవనివ్వరు.

రాత్రి టీవీ ముందు కూర్చుని కాఫీ పూర్తి చేసేలోపే ఎవరు గెలిచారో తేలిపోయింది. మొత్తం 150 సీట్లలో లేబర్‌కి 94. డటన్ తన సొంత సీటు డిక్సన్‌లోనే ఓడిపోయాడు. పాపం వోలాహన్ కూడా పోయాడు. 2022లోనూ ఇదే జరిగింది. నెమలికంఠం రంగు అభ్యర్థుల చేతిలో పోయిన ట్రెంట్ జిమ్మర్‌మన్, డేవ్ శర్మ, టిమ్ విల్సన్ లాంటివాళ్ళు పార్టీలో మధ్యేమార్గం మనుషులే. జిమ్మర్‌మన్, శర్మ ఒక బిల్లు మీద సొంత ప్రభుత్వానికి ఎదురు ఓటు కూడా వేశారు. అదేమీ వాళ్ళను కాపాడలేదు. పార్టీ మీద కోపం చూపించడానికి జనానికి దొరికేది ఆ పేటల్లో నిలబడ్డ ఈ మెత్తనివాళ్ళే. వీళ్ళు పోయాక పార్టీ సమావేశంలో మిగిలేది గట్టిగా అరిచేవాళ్ళు. మరుసటి ఎన్నికకి ఆ అరుపు ఇంకాస్త పెరుగుతుంది.

కూయాంగ్‌లో డాక్టరు తక్కువ తేడాతో సీటు నిలబెట్టుకుంది. విల్సన్ తన పాత సీటుని 175 ఓట్లతో వెనక్కి తెచ్చుకున్నాడు. సిడ్నీలోని బ్రాడ్‌ఫీల్డ్‌లో మళ్ళీ లెక్కపెట్టి, 26 ఓట్లతో ఇండిపెండెంట్ నికొలెట్ బోలే గెలిచిందన్నారు. అప్పటికి నేను తెనాలి వచ్చేశాను. 26 ఓట్ల తేడాకి మన రిటర్నింగ్ ఆఫీసరు ఆఫీసు ముందు ఎన్ని లాఠీలు లేచేవో అనుకున్నాను.

సెప్టెంబరులో అల్లుడు ఫోన్ చేశాడు. ఆ పార్టీ సెనేటర్ జసింటా ప్రైస్, భారతీయులు పెద్ద సంఖ్యలో వస్తున్నారనీ, వాళ్ళు లేబర్‌కే ఓట్లేస్తారనీ టీవీలో మాట్లాడిందట. క్షమాపణ చెప్పలేదు. తర్వాత పార్టీకి అప్పటి కొత్త నాయకురాలు సుసాన్ లే ఆవిణ్ణి ఫ్రంట్ బెంచ్ నుంచి, అంటే పార్టీ ముందువరస పదవి నుంచి తప్పించి, మనవాళ్ళకు తనే సారీ చెప్పింది.

"ఆ పాతిక సెంట్ల కోసం మా వీధి మొత్తంలో వాళ్ళకి ఓటేసింది నేనొక్కణ్ణే అనుకుంటా మావయ్యగారూ" అన్నాడు. "ఆవిడకి ఉత్తరం రాయమంటారా?"